మందుబిళ్ళ ఎవరి బాధ్యత?



బ్రిటిష్ వాళ్ళ హయాంలో, 1894లో, మన దేశానికి జైళ్ళ చట్టం ఒకటి వచ్చింది. అందులో 38వ సెక్షన్ గురించి బయట ఎవరూ మాట్లాడుకోరు. ఖైదీ విషయంలో డాక్టరు ఏ ఆదేశం ఇచ్చినా దాన్ని ఏ రోజుకారోజు ఆ ఖైదీ హిస్టరీ టికెట్‌లో రాయాలి, అది అమలు జరిగిందో లేదో జైలరు తేదీ వేసి నమోదు చెయ్యాలి అంటుంది ఆ సెక్షన్. మంచి నిబంధన. జరగకపోతే జరగలేదనే రాయమంటుంది కూడా. కానీ అందులోనే ఒక మినహాయింపు ఉంది. మందులు ఇమ్మని డాక్టరు చేసే ఆదేశాలకు ఈ నియమం వర్తించదు. అంటే పాలు పొయ్యమంటే రాయాలి, బరువు పని మాన్పించమంటే రాయాలి, ఇంకో కంబళి ఇమ్మంటే రాయాలి. మందు వెయ్యమంటే మాత్రం అది వేశారా లేదా అన్నది జైలరు రాయనక్కరలేదు.

అలా ఎందుకు పెట్టారో ఊహించడం కష్టం కాదు. డాక్టరు స్వయంగా గానీ, తన కళ్ళ ముందు గానీ చేయించే పనులను కూడా ఆ సెక్షన్ అదే మినహాయింపులో చేర్చింది. మందు సంగతి డాక్టరూ ఆయన కాంపౌండరూ చూసుకుంటారు, తమ పని తాము చేసుకునే వాళ్ళకు మరొకరి సంతకం దేనికి అనుకుని ఉంటారు. కానీ వెయ్యిమందీ రెండువేలమందీ ఉండే ఇప్పటి సెంట్రల్ జైల్లో డాక్టరు చీటీ రాస్తాడు, కాంపౌండరు కట్ట కడతాడు, ఆ కట్ట ఇంకెవరి చేతుల మీదుగానో బ్యారక్ దాకా వెళ్తుంది. ఆ ఇంకెవరి పేరూ ఏ కాగితంలోనూ ఉండదు. మానసిక జబ్బున్న ఖైదీల గతి నాకు ఆ ఖాళీలోనే కనిపిస్తుంది. ఈ రోజు దాని గురించే నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను.

ముందు ఎంతమంది అన్న ప్రశ్న. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క ప్రకారం 2021 చివరికి దేశం మొత్తం జైళ్ళలో 5,54,034 మంది ఉన్నారు. వాళ్ళలో మానసిక జబ్బు ఉన్నట్టు నమోదైన వాళ్ళు 9,180 మంది. నూటికి ఇద్దరు కూడా లేరన్నమాట. ఇప్పుడు ఇంకో లెక్క చూడండి. బెంగళూరు నిమ్‌హాన్స్ డాక్టర్లు పరప్పన అగ్రహార సెంట్రల్ జైల్లో 5,024 మంది ఖైదీలను పరీక్షించి 2011లో ఒక నివేదిక ఇచ్చారు. తాగుడు, మత్తు అలవాట్లను పూర్తిగా పక్కన పెట్టినా 1,389 మందికి ఏదో ఒక మానసిక జబ్బు తేలింది. నూటికి ఇరవైఏడు మంది. నూటికి రెండెక్కడ, ఇరవైఏడెక్కడ! జైలు రిజిస్టరులోకి ఎక్కేది అరిచినవాడు, తల గోడకేసి కొట్టుకున్నవాడు, బట్టలు చింపుకున్నవాడు. మోకాళ్ళలో తల దూర్చుకుని మూల కూర్చున్నవాడు రిజిస్టరుకు బుద్ధిమంతుడు. 2022లో మన జైళ్ళలో 119 మంది ఆత్మహత్య చేసుకున్నారని అదే బ్యూరో చెబుతోంది. ఆ బుద్ధిమంతుల్లోంచి ఎంతమంది ఆ లెక్కలోకి వెళ్ళారో ఏ పట్టికా చెప్పదు.

వీళ్ళను చూడవలసిన వాళ్ళెందరు? 2025 ఇండియా జస్టిస్ రిపోర్టు ప్రకారం, అయిదు లక్షల డెబ్బై వేలకు పైబడిన ఖైదీలకు దేశవ్యాప్తంగా జైళ్ళ శాఖల్లో ఉన్న మానసిక నిపుణులు 25 మంది. కేంద్రం 2016లో పంపిన నమూనా జైలు మాన్యువల్ మాత్రం అయిదు వందల మంది ఖైదీలకు ఒకరు ఉండాలంది.

అంకెలు అలా ఉంచి, ఒక మనిషి వెంట నడుద్దాం. ఇది నేను కల్పించిన మనిషే, కానీ ఇతని దారి మాత్రం కల్పన కాదు. సూరిబాబు అందాం. గోదావరి జిల్లాల్లో ఏదో ఊరు, ముప్ఫై లోపు వయసు. నాలుగేళ్ళుగా స్కిజోఫ్రీనియాకి మందులు వాడుతున్నాడు. రాత్రి ఒక ఒలాంజపీన్ మాత్ర, నెలకోసారి ఒక సూది. మందు పడుతున్నన్నాళ్ళూ చేపల చెరువు దగ్గర కాపలా పని చేసుకుంటూ బాగానే ఉన్నాడు. నడుమ ఏ కారణానో మందు ఆపేశాడు. పక్కింటాయన తన మీద చేతబడి చేయిస్తున్నాడని అనుమానం పుట్టింది. ఒకనాడు కర్ర తీసుకుని తల పగలగొట్టాడు. కేసయింది.

తల్లి మందుల చీటీ, మిగిలిన మాత్రల అట్ట పట్టుకుని స్టేషనుకొస్తుంది. "ఆడికి రాత్రి బిళ్ళ పడకపోతే నిద్దరుండదండి బాబూ" అని అడిగినవాడికీ అడగనివాడికీ చెబుతుంది. రైటరు చెడ్డవాడేం కాదు, కానీ ఆ అట్ట పుచ్చుకుని ఎక్కడ రాయాలో అతనికి తెలియదు. అరెస్టు చేసిన మనిషిని డాక్టరుకు చూపించాలన్న నియమం ఉంది, చూపిస్తారు. ఒంటి మీద దెబ్బలున్నాయా అని డాక్టరు చూస్తాడు. మర్నాడు మేజిస్ట్రేటు ముందు నిలబెడితే, పోలీసులు కొట్టారా అని ఆయన అడుగుతారు. చాలా అవసరమైన ప్రశ్న. దాని పక్కనే ఇంకో ప్రశ్న ఉండాలని నా మనవి: "నువ్వు రోజూ వేసుకునే మందులేమైనా ఉన్నాయా?" ఆ జవాబు రిమాండు ఉత్తర్వులో ఒక్క వాక్యంగా పడితే, జైలు గేటు దగ్గర అది తల్లి చేతిలోని అట్ట కంటే వెయ్యి రెట్లు బరువు తూగుతుంది. నిజానికి నిందితుడి మతి స్థిమితంగా లేదనిపిస్తే విచారణ ఆపి డాక్టరు చేత పరీక్ష చేయించాలని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 328వ సెక్షన్ చెప్పింది. 2024 జులై నుంచి అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 367వ సెక్షనుగా కొనసాగుతోంది. అయితే ఆ సెక్షన్ నిందితుడు కేసును అర్థం చేసుకోగలడా అన్న దాని గురించి. రాత్రి బిళ్ళ గురించి కాదు.

సూరిబాబు జైలు గేటు దాటాడు. తనిఖీలో జేబులోవన్నీ తీసేస్తారు. ములాఖత్‌కి వచ్చిన తల్లి మాత్రలిస్తే, బయటి మందులు లోపలికి పంపం అంటారు. అది అన్యాయమని నేననను. ఏ అట్టలో ఏముందో గేటు దగ్గరున్న వార్డరు తేల్చలేడు. మాత్రల ముసుగులో మత్తు బిళ్ళలు వెళ్ళిన సందర్భాలూ ఉంటాయి. కానీ బయటి మందు వద్దన్న మరుక్షణం, లోపల అదే మందు ఇచ్చే బరువు జైలు తన నెత్తిన వేసుకున్నట్టే. తల్లిని వెనక్కి పంపింది ఎవరు, ఆ చీటీ నకలు డాక్టరుకు చేరవేసింది ఎవరు అన్నవి రెండూ ఒకే పుస్తకంలో, ఒకే వరుసలో ఉండాలి. మొదటిది జరిగి రెండోది జరక్కపోవడంతోనే అసలు అనర్థం మొదలవుతుంది. మానసిక వైద్యుడు జైలుకు వారానికో, పదిహేను రోజులకో ఒకసారి వస్తాడు. సూరిబాబు ఆయన వెళ్ళిన మర్నాడు లోపలికొచ్చాడనుకోండి. అన్నాళ్ళూ అతనికి మందు లేదు. అన్నాళ్ళూ నిద్రా లేదు. పక్కింటాయన గొంతు ఇప్పుడు బ్యారక్ కప్పులోంచి వినపడుతోంది.

ఇక్కడ ఒక పక్కదారి పట్టక తప్పదు. జైలుకొచ్చిన మొదటి వారంలో మందు అందకపోతే ప్రాణం మీదికొచ్చేది స్కిజోఫ్రీనియా వాళ్ళకంటే ముందు తాగుడు అలవాటు ముదిరిన వాళ్ళకి. ఏళ్ళ తరబడి రోజూ తాగినవాడు ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో చేతులు వణుకుతాయి, ఫిట్సు రావచ్చు, లేని పురుగులు ఒంటి మీద పాకుతున్నట్టు కనిపిస్తాయి, ఎక్కడున్నాడో తెలియదు. సకాలంలో డయజిపామ్, విటమిన్ బి1 ఇస్తే బతికి బట్టకట్టే మనిషి, చూసేవాళ్ళు లేకపోతే చనిపోవచ్చు. ఆ స్థితిలో ఉన్నవాణ్ణి పొగరెక్కి గొడవ చేస్తున్నాడని ఒంటరి సెల్లులో వేస్తే ఆ రాత్రే ఆఖరి రాత్రి కావచ్చు. అందుకే జైల్లోకొచ్చిన రోజే ప్రతి ఒక్కర్నీ అడగాలి: రోజూ ఎంత తాగుతావు, ఆఖరిసారి ఎప్పుడు తాగావు? నిద్రమాత్రలు ఏళ్ళుగా వేసుకునే వాళ్ళ సంగతీ ఇంతే. వాటిని ఉన్నపళాన ఆపితే ఫిట్సు రావచ్చు.

సరే, సూరిబాబుకు డాక్టరు మందు రాశాడనే అనుకుందాం. రాత్రి పడుకునే ముందు వెయ్యాలి అన్నాడు. జైల్లో రాత్రి ఎప్పుడు మొదలవుతుంది? పొద్దుగూకే వేళకు లాకప్ పడుతుంది. తరవాత తాళాలు తియ్యడం పెద్ద వ్యవహారం. ఆసుపత్రి బ్లాకులో కాంపౌండరు అప్పటికి ఇంటికెళ్ళి ఉంటాడు. అందుకని పడుకునే ముందు వెయ్యాల్సిన మాత్ర సాయంత్రం నాలుగింటికో అయిదింటికో చేతిలో పడుతుంది. వేసుకుంటే అన్నం సరిగ్గా తినకముందే కళ్ళు మూతపడతాయి. అర్ధరాత్రి మెలకువొస్తుంది, చీకట్లో గొంతులు మొదలవుతాయి. తరవాత వేసుకుంటానని దాచుకుంటే ఆ మాత్ర అతని దగ్గర తెల్లారేదాకా ఉంటుందన్న నమ్మకం లేదు. జైల్లో మత్తిచ్చే ప్రతి బిళ్ళకూ గిరాకీ ఉంటుంది. మానసిక జబ్బు మందుల వల్ల కండరాలు బిగుసుకుపోకుండా ట్రైహెక్సిఫెనిడిల్ అనే మాత్ర ఇస్తారు. ఎక్కువ మింగితే అది మత్తెక్కిస్తుంది. బలహీనుడి దగ్గర ఆ బిళ్ళ ఉందని తెలిస్తే బలవంతుడు బీడీ ఇచ్చి కొనుక్కుంటాడు, లేకపోతే లాక్కుంటాడు. పైకి చూస్తే రిజిస్టరులో మందు ఇచ్చినట్టే ఉంటుంది. సూరిబాబు ఒంట్లోకి మాత్రం చేరదు.

మరి ఏం చెయ్యాలి? నోరు తెరిపించి, నాలుక ఎత్తించి, బలవంతంగా మింగించడమా? అన్నంలో కలిపి పెట్టడమా? ఇలాంటి మాటలు మంచి మనసుతో అనేవాళ్ళూ ఉన్నారు. నేను ఒప్పుకోను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఖైదీని దాని రక్షణలోంచి బయటికి తీసెయ్యలేదు. చికిత్సకు అంగీకారం కావాలి. అంగీకారం తెలిపే స్థితిలో లేనప్పుడు ఏం చెయ్యాలో, ఎవరు నిర్ణయించాలో ఆ చట్టంలో దారి ఉంది. మానసిక జబ్బు చికిత్సలో ఉన్న మనిషిని ఒంటరి గదిలో వెయ్యకూడదని 97వ సెక్షన్ సూటిగా చెబుతోంది. కట్టడం అంటూ చేస్తే అతనికో పక్కవాళ్ళకో తక్షణ ప్రమాదం తప్పించడానికి వేరే దారి లేనప్పుడే, అదీ మానసిక వైద్యుడి అనుమతితోనే. అన్నంలో కలిపిన మందు ఒకసారి బయటపడితే ఆ మనిషి ఇక అన్నాన్నే నమ్మడు. తనకు విషం పెడుతున్నారన్న భ్రమే అతని జబ్బు కదా, ఆ భ్రమను మనమే నిజం చేసిన వాళ్ళమవుతాం.

మింగించేది బలం కాదు, పరిచయం. రోజూ అదే నర్సు, అదే వేళకు వచ్చి, పేరుపెట్టి పిలిచి, నిన్న నిద్ర పట్టిందా అని అడిగి, గ్లాసుతో నీళ్ళిచ్చి, ఎదుట నిలబడితే చాలామంది మింగుతారు. మింగనంటే ఎందుకు మింగనంటున్నాడో తెలుస్తుంది. నోరు ఎండిపోతోందనో, చెయ్యి వణుకుతోందనో, రోజంతా మగతగా ఉంటే పక్కవాళ్ళు సబ్బు కూడా ఉంచడం లేదనో చెబుతాడు. ఆ చివరి కారణం ఏ వైద్య పుస్తకంలోనూ ఉండదు. అది తెలిశాక డాక్టరు మోతాదు మార్చవచ్చు, లేదా మనిషి ఒప్పుకుంటే నెలకోసారి ఇచ్చే సూదికి మార్చవచ్చు. సూదికి దొంగతనం భయం లేదు, లాకప్ వేళల గొడవ లేదు.

ఎండల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మన జైళ్ళు ఉన్నది రాయలసీమలో, కోస్తాలో, తెలంగాణలో. మానసిక జబ్బులకు వాడే మందుల్లో చాలావాటికి శరీరం వేడిని తట్టుకునే శక్తిని తగ్గించే గుణం ఉంది. చెమట సరిగా పట్టదు, దాహం తెలియదు. బైపోలార్ జబ్బుకి ఇచ్చే లిథియం మరీ సున్నితం. ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో దాని పాళ్ళు పెరిగి విషమవుతుంది. అందుకే దానికి అప్పుడప్పుడు రక్తపరీక్ష తప్పనిసరి. మే నెలలో రేకుల కప్పు కిందో, గాలి ఆడని సెల్లులోనో ఈ మందులు వాడే మనిషిని ఉంచి, మందైతే ఇచ్చాం కదా అనుకోవడం కుదరదు. న్యూయార్క్ నగరంలోని రైకర్స్ ఐలాండ్ జైల్లో 2014 ఫిబ్రవరిలో ఒక మాజీ సైనికుడు చనిపోయాడు. బయట మంచు కురిసే కాలం. లోపల వేడిమి యంత్రం చెడి ఆయన సెల్లు ఉడికిపోయింది. ఆయన వాడుతున్నవి ఈ రకం మందులే. చలికాలంలో, అంత డబ్బున్న నగరంలో అలా జరిగిందంటే, మన వేసవికి ఎంత జాగ్రత్త కావాలో మీరే ఆలోచించండి.

మందు గొలుసు తెగే ఇంకో చోటు కోర్టు వాయిదా. పొద్దున్నే ఎస్కార్టు పోలీసులొచ్చి తీసుకెళ్తారు, రాత్రికి తిరిగొస్తాడు. ఆ పూట మందు ఎస్కార్టు వాళ్ళ పనా, జైలు వాళ్ళ పనా? దూరపు కోర్టయితే రెండు రోజులు పట్టవచ్చు. రెండు రోజులు పోతే పోయాయిలే అనుకోవడానికి వీల్లేని మందులున్నాయి. క్లోజపీన్ అని ఒకటుంది, వేరే ఏ మందుకూ లొంగని స్కిజోఫ్రీనియాకి ఇస్తారు. అది రెండు రోజులకు మించి ఆగితే మళ్ళీ పాత మోతాదుతో మొదలుపెట్టకూడదు, గుండెకే ప్రమాదం. పన్నెండున్నర మిల్లీగ్రాముల నుంచి మెల్లగా పెంచుకుంటూ రావాలి. ఈ ఒక్క ముక్క ఎస్కార్టు హెడ్ కానిస్టేబులుకు తెలియాల్సిన పని లేదు. వాయిదా తేదీ తెలిసిన జైలు నర్సుకు తెలిస్తే చాలు. వెళ్ళే ముందు మందు కవరులో పెట్టి, వేళ రాసి, ఎవరికిచ్చిందీ సంతకం తీసుకుంటుంది.

ఎవరిదీ కాని బాధ్యత మనుషుల్ని ఏం చేస్తుందో మన దేశంలో రుజువులున్నాయి. బిహార్‌లో రుదుల్ సాహ్ అనే వ్యక్తి 1968లో నిర్దోషిగా కోర్టు నుంచి విడుదల ఉత్తర్వు పొందాడు. జైల్లోంచి బయటికొచ్చింది 1982లో. పద్నాలుగేళ్ళు ఎందుకుంచారయ్యా అని సుప్రీంకోర్టు అడిగితే, మతి చెడిందని సమాధానం. మతి చెడిందని ఎవరు తేల్చారు, ఏ వైద్యం చేశారు అంటే కాగితం లేదు. 1983లో సుప్రీంకోర్టు అతనికి పరిహారం ఇప్పించింది. అంతకు ముందు ఏడాదే హజారీబాగ్ జైలు ఖైదీల గురించి వచ్చిన ఒక ఉత్తరాన్ని పిటిషనుగా తీసుకుని, మతి చెడిందన్న పేరుతో పందొమ్మిది నుంచి ముప్ఫైఏడేళ్ళు లోపల మగ్గిన వాళ్ళను విడిపించింది. అస్సాంలో మచాంగ్ లాలుంగ్ అనే గిరిజనుడిదయితే చెబుతుంటేనే గొంతు పూడుకుపోతుంది. 1951లో ఒక కొట్లాట కేసులో పట్టుకుని తేజ్‌పూర్ మానసిక ఆసుపత్రికి పంపారు. 1967లోనే ఇతను బాగానే ఉన్నాడని డాక్టర్లు రాశారు. అయినా ఇంటికి పంపలేదు. విచారణే జరగని ఆ మనిషి బయటికొచ్చింది 2005 జులైలో, ఒక్క రూపాయి పూచీకత్తు మీద. పాతికేళ్ళ లోపు వయసులో లోపలికెళ్ళి డెబ్బై దాటాక బయటికొచ్చాడు. మరో రెండేళ్ళకు, 2007లో, చనిపోయాడు. అతను బాగయ్యాడని రాసిన డాక్టరు ఉన్నాడు, తాళం వేసిన జైలరు ఉన్నాడు, ఫైలు దాచిన గుమాస్తా ఉన్నాడు. ఆ ఫైలు నాది అన్నవాడు లేడు.

ఏ నేరమూ చెయ్యని మానసిక రోగుల్ని జైళ్ళలో ఉంచడం రాజ్యాంగ విరుద్ధమని 1993లో షీలా బార్సే వేసిన కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. నేరారోపణ ఉన్న వాళ్ళ గురించి 2017 చట్టం 103వ సెక్షన్ చెబుతుంది. మానసిక జబ్బున్న ఖైదీని జైలు వైద్య విభాగంలోని మానసిక వార్డుకు మార్చాలి, అది లేకపోతే మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు అనుమతితో బయటి మానసిక ఆసుపత్రికి పంపాలి. ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలు వైద్య విభాగంలోనైనా ఇలాంటి చికిత్సా కేంద్రం పెట్టాలి. ఇంతవరకు బాగుంది. దానితో పాటు జైలు డాక్టరు మూణ్ణెల్లకోసారి మా జైల్లో మానసిక రోగులు లేరు అని ధ్రువీకరిస్తూ బోర్డుకు నివేదిక పంపాలి అంటుంది. ఉద్దేశం గొప్పదే, జబ్బు మనిషి బ్యారక్‌లో ఉండకూడదన్నదే. కానీ ఒక్క డాక్టరు, వెయ్యిమంది ఖైదీలు, పక్కన మానసిక వార్డు లేని జైలు. అలాంటి చోట ఉన్నారు అని రాస్తే ఎందుకు పంపలేదని బోర్డు అడుగుతుంది. లేరు అని రాస్తే ఎవరూ అడగరు. నిజం రాసినవాడికే ప్రశ్నలెదురయ్యే ఏర్పాటు ఇది. ఎంతమందిని పరీక్షించారు, ఎంతమందికి మందు నడుస్తోంది, ఎన్ని పూటలు తప్పింది అని ఆ నివేదికలో అడిగితే డాక్టరుకీ ధైర్యం వస్తుంది, బోర్డుకీ నిజం తెలుస్తుంది.

బాధ్యత ప్రభుత్వానిదని చెప్పడానికి మన గడ్డ మీద పుట్టిన కేసులే ఉన్నాయి. విశాఖ సెంట్రల్ జైలు ఖైదీలు వేసిన కేసులో, జైల్లో ఉన్నంత మాత్రాన ప్రాథమిక హక్కులన్నీ పోవని 1974లో సుప్రీంకోర్టు అంది. కోయిలకుంట్ల సబ్‌జైల్లో 1977 మే నెలలో ఒక రాత్రి బయటివాళ్ళు బాంబులు వేసి ఒక రిమాండు ఖైదీని చంపారు. ప్రాణభయం ఉందని ఖైదీలు ముందే చెప్పుకున్నారు, చాలినంత కాపలా పెట్టలేదు. కొడుకుల పరిహారం దావా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. జైళ్ళు నడపడం సార్వభౌమాధికారం కాబట్టి మమ్మల్ని అడగకూడదని ప్రభుత్వం వాదించింది. 2000లో సుప్రీంకోర్టు ఆ వాదన తోసిపుచ్చింది. ఖైదీ ప్రాణం ముందు ఆ అధికారం అడ్డుగోడ కాదంది. అది మందుల కేసు కాదు, నిజమే. కానీ తలుపుకి తాళం ఎవరు వేశారో లోపలి ప్రాణానికి వాళ్ళే పూచీ అన్న న్యాయం బాంబుకి ఒకటి, అందని మందుకి ఇంకొకటి ఉండదని నా నమ్మకం.

అయితే అంతా ప్రభుత్వానిదే అంటే మళ్ళీ ఎవరిదీ కాకుండా పోతుంది. అందుకే నేను కోరేది చిన్నది, పేరు పెట్టి అడగగలిగేది. డాక్టరు రాస్తాడు. ఇచ్చే పని నర్సుది, ఖైదీ సహాయకుడిది కాదు, వార్డరుది కాదు. ప్రతి ఖైదీకి మందుల చార్టు ఒకటి ఉండాలి. పూటపూటకీ ఇచ్చినట్టు, మింగినట్టు, మింగనన్నట్టు నర్సు సంతకం పడాలి. ఆ చార్టు హిస్టరీ టికెట్‌తో పాటు ఖైదీ ఎటు వెళ్తే అటు వెళ్ళాలి, జైలు మారినా, ఆసుపత్రికెళ్ళినా. వారానికోసారి జైలరు దాన్ని చూసి సంతకం చెయ్యాలి. 38వ సెక్షన్‌లో వదిలేసిన మందును మళ్ళీ లెక్కలోకి తీసుకురావడమే ఇది. 2023లో కేంద్రం జైళ్ళకు కొత్త నమూనా చట్టం పంపింది. ప్రతి రాష్ట్రమూ తన చట్టం, తన మాన్యువల్ తిరగరాసుకునే సమయమిది. ఈ నాలుగు వాక్యాలు చేర్చడానికి పెద్ద ఖర్చేమీ లేదు. జైలు వైద్యాన్ని ఆరోగ్యశాఖకే పూర్తిగా అప్పగించాలన్న మాట కూడా నేను సమర్థిస్తాను. ఇంగ్లండులో 2006 నాటికి ఆ పని పూర్తయింది. జైలు డాక్టరు జవాబు చెప్పవలసింది జైలు అధికారికి కాక ఆరోగ్యశాఖకైతే, ఇతన్ని ఒంటరి సెల్లులో పెట్టవద్దు అని రాసేటప్పుడు చెయ్యి వణకదు.

వార్డర్ల గురించి ఒక మాట అనకుండా ముగించలేను. రాత్రంతా కటకటాల బయట నడిచేవాడు వార్డరు. ఎవరు నిద్రపోవడం లేదో, ఎవరు అన్నం ముట్టలేదో, ఎవరు తమలో తాము మాట్లాడుకుంటున్నారో డాక్టరు కంటే ముందు అతనికే తెలుస్తుంది. ఒంట్లో గానీ మనసులో గానీ బాగాలేనట్టు కనిపించిన ఖైదీ సంగతి వెంటనే పైకి చెప్పాలని 1894 చట్టమే చెప్పింది. కానీ మనసు బాగాలేకపోవడం ఎలా ఉంటుందో అతనికి ఎవరూ నేర్పలేదు. జైలు డాక్టర్లకు మానసిక వైద్యంలో ప్రాథమిక శిక్షణ ఇవ్వాలని 2017 చట్టం నిర్దేశించింది. అదే శిక్షణ రెండు రోజులు వార్డర్లకూ ఇస్తే, దేశంలో ఉన్న ఆ పాతికమంది నిపుణులకు వేల కళ్ళు తోడవుతాయి.

ఇక సూరిబాబుకు బెయిలొచ్చింది. ఉత్తర్వు సాయంత్రానికి జైలుకు చేరుతుంది. గేటు దగ్గర అతని బట్టలు, సెల్‌ఫోను, డబ్బులు లెక్కపెట్టి సంతకం తీసుకుని అప్పగిస్తారు. మందులు అప్పగించే అలవాటు లేదు. చీటీ ఆసుపత్రి బ్లాకులో ఉంటుంది, ఆ బ్లాకుకు అప్పటికి తాళం. బస్టాండుకు నడిచి, ఊరికి చేరి, మళ్ళీ పెద్దాసుపత్రి ఓపీ చీటీ కోసం వరసలో నిలబడే లోపు కొన్ని వారాలు గడుస్తాయి. పక్కింటాయన ఇంకా పక్కింట్లోనే ఉన్నాడు. కనీసం రెండు వారాల మందు, నకలు చీటీ, తరవాతి సూది తేదీ. ఇవి మూడూ సెల్‌ఫోనుతో పాటు అప్పగించాలి, వాటికీ సంతకం తీసుకోవాలి.

ఈ ప్రసంగం వింటున్న వాళ్ళలో ఇలాంటి కొడుకో, అన్నో, భర్తో జైల్లో ఉన్నవాళ్ళు ఉండవచ్చు. మీకు ఒక మాట. మందుల చీటీ అసలు మీ దగ్గరే ఉంచుకుని నకళ్ళు మూడు తీయించండి. ఒకటి మీ వకీలుకిచ్చి రిమాండు రోజే కోర్టులో మెమో వేయించండి. ఒకటి జైలు సూపరింటెండెంటుకు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఒకటి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఇవ్వండి. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే వాళ్ళే ఉచితంగా ఇస్తారు, ఫోను నంబరు 15100. జబ్బు గురించి, మందుల గురించి అనుమానాలుంటే టెలీ మానస్ వాళ్ళు 14416 నంబరులో పగలూ రాత్రీ తెలుగులోనే మాట్లాడతారు. మీరిచ్చే కాగితంలో పెద్ద కథ అక్కర్లేదు. జబ్బు పేరు, మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ పూట, ఆఖరిసారి వేసుకున్న రోజు, సూదైతే మళ్ళీ పడవలసిన తేదీ, పడనిది ఏదైనా ఉంటే అది. కింద మీ ఫోను నంబరు.